యానాం కూలీలు, అంతర్జాతీయ నేరన్యాయం: బానిసత్వాన్ని కొలిచే తీరు

1828లో ‘లా తుర్కువాజ్’ అనే ఓడ పదిహేనుమంది తెలుగు కూలీలను అప్పటి ఫ్రెంచి స్థావరమైన యానాం నుంచి బూర్బోన్ దీవికి చేర్చింది. ఇప్పుడు ఆ దీవి పేరు రీయూనియన్. తర్వాతి రెండు మూడేళ్లలో అలా వెళ్లినవారి సంఖ్య మూడు వేలు దాటింది. బానిసల వ్యాపారాన్ని ఫ్రాన్స్ 1818లోనే చట్టరీత్యా నిషేధించింది. దొంగచాటుగా ఆ వ్యాపారం సాగుతున్నా, పెరుగుతున్న చెరకుతోటలకు మనుషులు చాలలేదు. అందుకే తోటల యజమానుల చూపు గోదావరి రేవుల మీద పడింది. ఓడ ఎక్కినవాడికి ఒప్పందం ఉంది, జీతం ఉంది, గడువు ఉంది. దిగినచోట మాత్రం అతని పక్క సాలులో పనిచేస్తున్నది బానిసలు. ఆ దీవిలో బానిసత్వం 1848 డిసెంబరు 20న గాని రద్దు కాలేదు. బానిసల నడుమ వంగి పనిచేసిన ఈ మనిషిని కాగితం ‘స్వతంత్ర కూలీ’ అంది. ఆ మాటను న్యాయస్థానం ఎంతవరకు నమ్మాలి? ఇక్కడ పరిశీలిస్తున్న ప్రశ్న ఇదే.

జవాబుకు కావలసిన కొలమానం 2001లో స్పష్టపడింది. ఆ ఏడాది ఫిబ్రవరి 22న హేగ్‌లోని యుగొస్లావియా ట్రిబ్యునల్ కునారాట్స్ కేసులో తీర్పు చెప్పింది. బోస్నియాలోని ఫోచా పట్టణంలో సైనికులు స్త్రీలను, బాలికలను ఇళ్లలో నిర్బంధించి అత్యాచారాలు చేశారు, ఇంటి చాకిరీ చేయించారు. నిందితుల్లో ఒకడు ఇద్దరు అమ్మాయిలను తలా ఐదు వందల జర్మన్ మార్కులకు అమ్మేశాడు. వారిమీద యాజమాన్యపు దస్తావేజు ఎవరి దగ్గరా లేదు. ఏ దేశ చట్టమూ అటువంటి దస్తావేజును ఒప్పుకోదు. అయినా న్యాయమూర్తులు దీన్ని మానవాళిపై నేరంగా, బానిసత్వంగా నిర్ధారించారు. మనిషిమీద యజమానికుండే అధికారాలను చేతల్లో చలాయించారా లేదా అన్నదే వారు చూశారు. కదలికల మీద అదుపు, పారిపోకుండా కట్టడి, బెదిరింపు, క్రూరత్వం, బలవంతపు చాకిరీ, ఎంతకాలం సాగిందన్నది, అన్నీ కలిపి తూచారు. ఏ ఒక్క గుర్తూ దానంతటదే తేల్చదు.

ఈ తక్కెడలో యానాం కూలీని పెట్టి చూద్దాం. రీయూనియన్‌లో ఒప్పందపు కూలీ ‘లివ్రే’ అనే పనిపుస్తకం వెంట ఉంచుకోవాలి. అది లేకుండా తోట బయట దొరికితే దేశదిమ్మరి కింద శిక్ష పడేది. మిగిలిన ఒప్పందకాలాన్ని ఒక యజమాని మరొకరికి బదలాయించే వీలుండేది. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన గుర్తు ఈ బదలాయింపే. చేతులు మారింది కాగితమే అంటారు, కానీ ఆ కాగితం వెంట నడిచి వెళ్లింది మనిషి. అలాగని కూలీలందరినీ బానిసలనడం చరిత్రకు న్యాయం చేయదు. జీతం పుచ్చుకున్నవారున్నారు, గడువు తీరాక తిరిగొచ్చినవారున్నారు. మనిషి మనిషికీ సాక్ష్యం తూచక తప్పదు.

అదే 2001లో, మే 21న, ఫ్రాన్స్ తోబిరా చట్టం చేసింది. అట్లాంటిక్ మీదుగా, హిందూ మహాసముద్రంలో సాగిన బానిస వ్యాపారాన్నీ బానిసత్వాన్నీ మానవాళిపై నేరంగా గుర్తించిన చట్టమిది. బాధితుల వరుసలో ఆఫ్రికన్లు, అమెరికా ఆదివాసులు, మడగాస్కర్ వారితో పాటు భారతీయుల పేరూ ఉంది. ఆ ఒక్క పదం చూసినప్పుడు నాకు గుండె బరువెక్కింది. అయితే ఒప్పందపు కూలీల మాట అందులో లేదు. పైగా అది గుర్తింపు చట్టమే, దాని ఆధారంగా ఎవరినీ బోనెక్కించలేరు. మార్టినిక్ బానిసల వారసుల పరిహార వాదనను ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 2023 జులై 5న తోసిపుచ్చింది.

అంతర్జాతీయ నేర న్యాయస్థానం దారి వేరు. దాన్ని ఏర్పరచిన రోమ్ శాసనం ఏడో అధికరణం బానిసత్వాన్ని మానవాళిపై నేరాల్లో చేర్చింది. పౌరులమీద విస్తృతంగానో, పద్ధతి ప్రకారమో సాగిన దాడిలో అది భాగమని రుజువు కావాలి. 2002 జులై 1కి ముందు జరిగినది విచారణకు రాదు. బోనులో నిలబడేది ప్రాణమున్న వ్యక్తి, రాజ్యం కాదు. దేశపు కోర్టులు విచారణ జరపలేనప్పుడో, నిజంగా జరపనప్పుడో మాత్రమే హేగ్‌లోని ఈ న్యాయస్థానం కలగజేసుకుంటుంది. ఉగాండా తిరుగుబాటు నాయకుడు డొమినిక్ ఆంగ్వెన్‌పై 2021 ఫిబ్రవరి 4న రుజువైన 61 నేరాల్లో బానిసత్వం కూడా ఉంది. శిక్ష పాతికేళ్లు.

ఈ పరిధిలో యానాం స్థితి విచిత్రంగా ఉంటుంది. ఫ్రాన్స్ రోమ్ శాసనాన్ని 2000లోనే ఆమోదించింది. భారత్ 1998 ఓటింగులో తటస్థంగా ఉండి, ఇప్పటికీ చేరలేదు. 1956 విలీన ఒప్పందం పాత ఫ్రెంచి స్థావరాల వారికి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలిచ్చింది. న్యాయస్థానపు పరిధి సభ్యదేశాల నేలతో పాటు వారి పౌరులకూ వర్తిస్తుంది. కాబట్టి యానాంలో ఒకే వీధిలో ఉన్న ఇద్దరిలో ఫ్రెంచి పౌరుడు ఆ పరిధిలోకి వస్తాడు, పొరుగింటి భారతీయుడు రాడు.

ఈనాటి సంగతికి వస్తే, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్ల పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి చేరడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. ఒక్క ఇంట్లో జరిగే నిర్బంధం ‘విస్తృత దాడి’ అనే గడప దాటదు. కువైట్ కూడా సభ్యదేశం కాదు. అక్కడికి హేగ్ రాదు. అయినా కాగితం ఎవరి చేతిలో ఉంది, తలుపు తాళం ఎవరి దగ్గర ఉంది అని కునారాట్స్ తీర్పు నేర్పిన ప్రశ్నలను మన పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే అధికారి అడగడానికి ఏ శాసనమూ అడ్డు కాదు.