పాట తెగేదాకే నడక

ఉగాది దగ్గరపడితే ఆదివారం అనుబంధాలకు వేపపూత వాసన పట్టుకుంటుంది. ఆ వెనకే ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య దినం. రుతువు మారుతోంది, ఒళ్లు జాగ్రత్త అని ఎవరో ఒకరు రాయక తప్పదు. ఈసారి ఆ వంతు నాకొచ్చింది, గడువు కూడా గట్టిగానే ఉంది. మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట చుట్టుపక్కల పాతవాళ్లు ఎండ ముదిరేలోపు ఒంటిని ఎట్లా సర్దుకున్నారో చూద్దామని కూర్చుంటే వెయ్యేళ్లకు పైనే వెనక్కి పోవాల్సి వచ్చింది.

ముందు శాస్త్రం సంగతి. ఏడో శతాబ్దం వాడని చెప్పుకునే వాగ్భటుడు అష్టాంగహృదయంలో రుతుచర్యకు ఒక అధ్యాయమే రాశాడు. చలికి పేరుకున్న కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని చల్లారుస్తుందని, రోగాలు అక్కణ్నుంచే మొదలవుతాయని ఆయన లెక్క. అందుకే బరువైనవి, పుల్లనివి, తియ్యనివి, నూనె ఓడేవి తగ్గించమన్నాడు. పాత యవలు, గోధుమలు, తేనె తినమన్నాడు. పొడితో ఒళ్లు నలుచుకోమన్నాడు, కసరత్తు చెయ్యమన్నాడు, పగటి నిద్ర మానమన్నాడు. ఇంతవరకు పెద్దమనిషి మాటే. ఆ తర్వాత మామిడి రసం కలిపిన ఆసవాలు మిత్రులతో కూర్చుని తాగమని, మధ్యాహ్నాలు కోకిలలు కూసే తోటల్లో గడపమని కూడా సెలవిచ్చాడు. వసంతంలో మధ్యాహ్నం పూట తోటలో కూర్చునే తీరిక ఎవరికుంటుందో ఆయనకు తెలుసు, వాళ్ల కోసమే రాశాడు.

కసరత్తు దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి దాచుకోలేదు. చలికాలంలో, వసంతంలో బలమున్నవాళ్లు, నెయ్యి నూనెలతో భోంచేసేవాళ్లు తమ బలంలో సగం మేరకు వ్యాయామం చెయ్యాలన్నాడు. సగమైందని తెలిసేదెట్లా? సుశ్రుతసంహిత గుర్తు చెప్పింది: గుండెలో ఆడే ఊపిరి నోటికి వచ్చిందంటే సగం బలం ఖర్చయినట్టే.

అక్కణ్నుంచి మన గడ్డ మీదికి రావాలంటే కొన్ని వందల ఏళ్లు ఒక్క అంగలో దాటాలి. పక్కనున్న కురవిలో దొరికిన కొరవి శాసనం తెలుగు వచనానికి తొలి నమూనాల్లో ఒకటి. అందులో ముదిగొండ చాళుక్య రాజుల సంగతులున్నాయి, జనం జలుబుల సంగతి లేదు. కాకతీయుల కాలానికి కాస్త వెలుతురు వస్తుంది. 1261 నాటి మల్కాపురం శాసనం రుద్రమదేవి ఏలుబడిలోది. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చిన ఊళ్ల ఆదాయంలో కొంత ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు పోవాలని అందులో చెక్కి ఉంది. అది కృష్ణ ఒడ్డున మందడం దగ్గరి మాట. మా ఆకేరు వాగు వైపు అట్లాంటి రాయి నా కంటపడలేదు కానీ, రాయి కన్నా మేలైనది మనకొకటి ఉంది. అది పాలకుర్తి సోమనాథుడి ద్విపద.

తొర్రూరు దాటి పోతే పాలకుర్తి ఎంతో దూరం కాదు, సోమేశ్వరస్వామి గుట్ట కనిపిస్తూనే ఉంటుంది. ఆ సోమనాథుడు రాసిన పండితారాధ్య చరిత్రలో అయిదు ప్రకరణాలు. చివరిది పర్వత ప్రకరణం. పర్వతమంటే ఆనాటి శైవులకు శ్రీశైలమే. శివరాత్రికి జనం ఆ కొండకు ఎట్లా పోయారు, అక్కడ ఏం చేశారు అన్నదే అందులో విషయం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చువేసినప్పుడు కాకతీయుల నాటి ఆటపాటల కోసం సోమనాథుడి ఇంటికే పోయాడు. ఆ ప్రకరణం చదువుతుంటే నాకు భక్తి కన్నా ముందు కాళ్ల నొప్పులు గుర్తొస్తాయి.

దారి ఊహించుకోండి. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందంటాం కదా, సరిగ్గా అప్పుడే బయల్దేరాలి. ఓరుగల్లు వైపు నుంచి వచ్చేవాళ్లకు శ్రీశైలం ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం. అక్కణ్నుంచి నల్లమల అడవి, ఆ తర్వాత పాతాళగంగ దగ్గర కృష్ణ దాటడం, మళ్లీ నిటారుగా ఎక్కడం. కొందరు మొక్కు తీర్చుకోవడానికి పొర్లుదండాలు పెడుతూ పోయేవారు. కొండ మీదికి చేరినాక పడుకోవడం లేదు, జాగరణ. ఆ రాత్రి నాటకాలు, బొమ్మలాటలు, గడల మీద ఆటలు, మద్దెలలు, తాళాలు. ఇవన్నీ సోమనాథుడు ఓపికగా, ఒక్కోసారి మనకు ఓపిక చచ్చేదాకా, జాబితాలు కడతాడు.

ఆయన చెప్పిన పాటల పట్టీ నాకు ప్రాణం. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు, వాటితోపాటు పర్వత పదాలు. ఈ చివరివి కొండదారి పాటలని పండితులంటారు. నాకు తోచిన ముచ్చట ఇది: పాటే వాళ్ల కొలబద్ద. గుంపులో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవాలి. ఎక్కుడు దగ్గర ముసలమ్మకు ఊపిరి నోటికొచ్చి పాట తెగిందంటే గుంపు ఆగాలి. సుశ్రుతం చదివినవాళ్లు ఆ గుంపులో ఎవరూ ఉండనక్కర్లేదు. ఇవాళ్టి డాక్టర్లూ పాటతోనే పరీక్ష పెడుతున్నారు, గీత మాత్రం కాస్త ముందుకు జరిపారు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత ఊపు ఉండాలి, అదే మధ్యరకం వ్యాయామం అంటున్నారు. వారానికి అట్లాంటిది కనీసం 150 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. శివరాత్రి యాత్రికుడికి ఆ లెక్క మొదటిరోజు సాయంత్రానికే దాటిపోయి ఉంటుంది.

ఇంకో ముచ్చట. వాగ్భటుడి తోటలో నెయ్యి తినేవాడొక్కడే కూర్చున్నాడు. పర్వతం దారిలో నెయ్యి తిన్నవాడి పక్కనే గట్క తాగినవాడూ నడిచాడు. బసవపురాణంలో చాకలి మడివాలు మాచయ్యను ఒక కథకు నాయకుణ్ని చేసిన సోమనాథుడికి ఇది కొత్త కాదు. ఒకడికి ఆ నడక చలికాలమంతా పేరుకున్న కొవ్వు కరిగించుకోవడం. రెండోవాడికి పొలం పని నుంచి దొరికిన సెలవు. ఇద్దరికీ ఒకే దారి, కావలసింది మాత్రం వేరు. సమతూకం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తూకం తప్పిన కథలూ అదే కొండ మీద ఉన్నాయి. రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి యాత్రికుల కోసం శ్రీశైలానికి మెట్లు కట్టించాడు, పుణ్యాత్ముడు. అనవేమారెడ్డి 1377లో అక్కడే వీరశిరోమండపం కట్టించాడు. అది భక్తులు ఆవేశంతో తలలు, అవయవాలు సమర్పించుకునే చోటు. సగం బలం దగ్గర ఆగమన్న వైద్యుడు చూస్తే ఏమనేవాడో. కొండవీటి కుమారగిరిరెడ్డి మాత్రం వాగ్భటుడి తోటకే తిరిగిపోయాడు. వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆ సుగంధాల సరఫరా వర్తకుడు అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. మనవైపు కామునిపున్నమికి మోదుగుపూలు ఉడకబెట్టిన రంగునీళ్లు చాలు, ఏ సెట్టీ అక్కర్లేదు.

ఇక్కడిదాకా కథ బాగానే నడిచింది. దగ్గరి కాలానికి వచ్చేసరికి దారి చీలిపోతుంది. ఒక దారి మశూచిది. అది ఎండలు మొదలయ్యే వేళకే విజృంభించేది. వేపకొమ్మలు, పసుపునీళ్లు, పోచమ్మకు సాక, ఆ తర్వాత టీకాలు. మన దేశంలో చివరి కేసు 1975లో, ప్రపంచానికి విముక్తి ప్రకటన 1980 మే 8న. అమ్మవారి భయం పోయింది, వేపకొమ్మ మిగిలింది. ఇంకో దారి వెట్టిది. దేశ్‌ముఖుల కాలంలో వెట్టివాడికి సగబలం అనే లెక్కే లేదు, ఉన్నదంతా గడీకే. 1940లలో అదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తనదని విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలవడాన్ని ఆరోగ్య చరిత్రలో కూడా రాయాలని నా పట్టు. పండించుకున్న గింజ కడుపులోకి పోకుండా ఏ రుతుచర్యా నిలబడదు.

2016లో మహబూబాబాద్ జిల్లా అయింది, నర్సింహులపేట అందులోకి వచ్చింది. ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. శివరాత్రికి కురవి వీరభద్రుడి జాతర జరుగుతూనే ఉంది, ఎక్కువమంది ఆటోల్లో పోయి వస్తున్నారు. ఉగాది పచ్చడి కొత్తకుండలో కలుపుకొని గ్లాసుల్లో తాగుతున్నాం. వెంటనే నెయ్యి ఓడే భక్షాలు, ఆ తర్వాత షుగర్ గోలీ. తెల్లారి రోడ్డు మీద వాకింగ్ చేసేవాళ్లు ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టుకుంటుంటే, పక్కనుంచే మిర్చి ఏరబోయే ఆడకూలీల ట్రాలీ పోతుంది. ముఖానికి చీరకొంగు చుట్టుకొని, ఒళ్లో సద్ది గిన్నె పెట్టుకొని, ఒకరినొకరు ఆనుకొని కూర్చుంటారు. పొద్దంతా వంగి కాయ ఏరి, సాయంత్రం మంటపుట్టే వేళ్లతోనే అన్నం కలుపుకుంటారు. వాళ్లకు కూడా చురుగ్గా ఉండండి అని చెప్పే కరపత్రాలు మన దగ్గర ఉన్నాయి.

కాబట్టి ఈ వసంతానికి నా సలహా రెండు ముక్కలు. భక్షాలు తిన్నవాళ్లు నడవండి, తోడు వెతుక్కుని నడవండి, ఎక్కుడు దగ్గర పాట తెగితే ఆగండి. మిర్చి ఏరినవాళ్లకు వ్యాయామం గురించి ఎవరూ చెప్పొద్దు. నీళ్లు, నీడ, మధ్యాహ్నం ఒక గంట కునుకు ఇప్పించండి. పగటి నిద్ర కూడదని వాగ్భటుడే అన్నాడు కదా అంటారేమో. అదే పుస్తకంలో ఇంకో చోట ఆయనే మినహాయింపు పెట్టాడు: దారి నడిచి, బరువు మోసి, పని చేసి అలసినవాళ్లు పగలు పడుకోవచ్చు. పగటి నిద్ర మానండి అని ప్రతి ఉగాదికీ అచ్చువేసే మనం ఆ వాక్యాన్ని కూడా పక్కనే అచ్చువేస్తే సగం న్యాయం జరుగుతుంది. మిగతా సగం కూలిరేటు చూసుకోవాలి.