దంతవైద్యమును కోరి వచ్చువారు

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమువైపు నడచువారికి దంతవైద్యుల పేరుపలకలు కనబడుచుండును. ఆ పేర్లవారిలో బాల్యమునుండి ఈ వృత్తినే కోరినవారెందరని అడిగినచో, చాలమంది చిరునవ్వు నవ్వి ఊరకుందురు. ఆ నవ్వునకు ఒక చరిత్ర కలదు.

పన్ను మన శాస్త్రమునకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు నోటి రోగములను 65గా లెక్కించి, అందు దంతరోగములను 8గా వేరుపరచెను. కాని దంతవైద్యము ప్రత్యేక కళాశాలావిద్యగా నిలిచినది 1840లో, అమెరికాలోని బాల్టిమోరు నగరమున. మన దేశమున 1920లో కలకత్తాయందు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదుగారు తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. దాని ఖర్చులకై వారు ఒక సోడా అంగడిని నడపిరట! తీపి పానీయముల రాబడితో పండ్ల వైద్యము నేర్పిన ఈ ఉదంతము తలచినపుడెల్ల నాకు నవ్వు వచ్చును. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది.

హైదరాబాదున వైద్య పాఠశాల 1846లోనే పుట్టినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. ప్రభుత్వ దంతవైద్య కళాశాల మాత్రము 1959లో, అఫ్జల్‌గంజిలో, ఉస్మానియా ఆసుపత్రి చెంత ఏర్పడినది. అన్నదమ్ములకు 113 ఏండ్ల ఎడము! పెద్దవాని నీడలో పెరిగిన తమ్ముడు ఈ విద్య.

నేడును ఈ రెండు విద్యలకు ప్రవేశపరీక్ష ఒక్కటే. వైద్యకళాశాలలో చోటు దొరకనివారు పెక్కురు దంతవైద్యమునకు వత్తురు. తల్లిదండ్రులు “ఏదైననేమి, డాక్టరు బిరుదు కలదు గదా” యని ఊరడింతురు. అందరి కథయు ఇదియే కాదు. అర్ధరాత్రపు పిలుపులు తక్కువయనియు, స్వంత వైద్యశాల పెట్టుకొనవచ్చుననియు తెలిసి కోరువారు కలరు. చేతిపని యందలి ప్రీతిచే వచ్చువారును కలరు. మైనపుదిమ్మను చెక్కి దంతరూపము తీయుట మొదట నేర్పు పాఠములలో నొకటి. ర్యాంకు తెచ్చిన దిగులు పలువురికి ఆ మైనము ముందరనే కరగునని నా అభిప్రాయము.

అయినను పన్ను చిన్నవిషయమను భావము సులభముగా పోదు. దానికి సమాధానము తార్నాకలోనే యున్నది. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చిన పోషకాహార పరిశోధనాలయము, నేటి జాతీయ పోషకాహార సంస్థ, విశ్వవిద్యాలయమునకు ప్రక్కనే కలదు. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు నీటివలన కలుగు వ్యాధి బయల్పడెను. 1955లో నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గూర్చి డాక్టరు సిద్దిఖీగారు ప్రకటించిరి. ఆ ప్రాంతముల బాలురకు మోకాళ్లు లోనికి వంగుటను తార్నాక శాస్త్రజ్ఞులు 1973లో లోకమునకు తెలిపిరి.

ఈ వ్యాధికి తొలి సాక్షి పన్ను. పంటిపై పింగాణి బాల్యమున, చిగురులోపలనే తయారగును. అప్పుడు త్రాగిన నీటి దోషము సుద్దతెలుపు మచ్చగానో, గోధుమరంగు గీతగానో నిలిచిపోవును. ఎముక వంగుటకు ఎంతయో ముందే అది కంటబడును. మచ్చలను దాచుటకై పెదవి విప్పక మాటలాడు పల్లె యువకుడు ముందుగా వచ్చునది ఎముకల వైద్యుని యొద్దకు గాదు, దంతవైద్యుని యొద్దకే. మచ్చపై పూత వేయుట అరగంట పని. నీది ఏ ఊరు, చిన్ననాడు ఏ బావినీరు త్రాగితివి, నీ తమ్ములు చెల్లెండ్రు ఇప్పుడేమి త్రాగుచున్నారు అని అడుగుటకు అంతసేపును పట్టదు.