బీదరు ఎండలో పరదేశులు

కోస్తా జిల్లాల నుండి నారాయణఖేడుకు బదిలీపై వచ్చినవారు మొదటి వేసవిలో అనే మాట దాదాపు ఒకటే: “ఇదేం ఎండండీ బాబూ!” చెమట పట్టదు, గొంతు మాత్రం పిడచకట్టుకుపోతుంది. ఉక్కపోతకు అలవాటుపడిన ఒంటికి ఈ పొడి వేడిమి అంతుపట్టదు. మావాళ్ళు నవ్వి, తలకు రుమాలు చుట్టుకొమ్మనీ, మిట్టమధ్యాహ్నం బయట తిరగవద్దనీ చెప్పి ఊరుకుంటారు. ఈ సంభాషణ మా ప్రాంతానికి క్రొత్త కాదు.

నారాయణఖేడు 1956 వరకు బీదరు జిల్లాలో ఒక తాలూకా. ఆ ఏడు రాష్ట్రాల పునర్విభజనలో జిల్లా మూడు ముక్కలై, బీదరు మైసూరుకూ, ఉద్గీరు వైపు భాగం బొంబాయికీ, నారాయణఖేడు, జహీరాబాదులు ఆంధ్రప్రదేశ్‌కూ చేరినవి. కనుక మా ఊరి ఎండ చరిత్ర వెతకాలంటే బీదరుకే పోవాలి.

బహమనీ సుల్తాను అహ్మద్ షా 1430 ప్రాంతంలో రాజధానిని గుల్బర్గా నుండి బీదరుకు మార్చాడు. అందుకు రాజకీయ కారణాలు ఉండనే ఉన్నవి. అయినా బీదరు గుల్బర్గాకంటే సుమారు ఏడువందల అడుగులు ఎత్తున ఉన్న ఎర్రరాతి పీఠభూమి. రాత్రిపూట గాలి చల్లబడుతుంది. ఈ సంగతి సుల్తానుకు తెలియకపోలేదు.

ఆ నగరానికి 1470 ప్రాంతంలో ఒక రష్యను వర్తకుడు వచ్చాడు. పేరు అఫనాసీ నికితిన్, ఊరు వోల్గా తీరాన ఉన్న త్వేర్. ఏడాదిలో ఎన్నో నెలలు మంచు కప్పి ఉండే దేశం. అటువంటివాడు మన ఎండను తిట్టిపోశాడని అనుకుంటాము. కానీ ఆయన వ్రాసినది మరొకటి: హిందూదేశంలో పెద్ద వేడి లేదట! అసలు వేడి హోర్ముజ్‌లో ఉన్నదట; అక్కడి సూర్యుడు మనిషిని కాల్చివేస్తాడట. త్వేర్‌తో పోల్చి ఉంటే మరోలా వ్రాసేవాడేమో. ఆయన ఒంటికి అప్పటికే హోర్ముజ్ కొలబద్ద అయిపోయినది.

బీదరు వేసవి ఆయనకు తెలియదనడానికి వీలు లేదు. ఈస్టరు ఇక్కడే గడిపాడు. ఆ పండుగ తేదీ తేల్చుకోవడానికే ఆయన పడిన అవస్థ చూడాలి. పుస్తకాలు దారిలోనే దోపిడీకి పోయినవి, అడుగుదామంటే తన మతంవాడు ఒక్కడూ లేడు. ఊహ మీద లెక్కకట్టుకొని, పండుగనాటికి కృత్తికలు తెల్లవారువెలుగులో కలిశాయని ఆకాశం గుర్తు వ్రాసుకొన్నాడు. మన రైతు భాషలో అది కృత్తిక కార్తె ముంగిట, ఎండలు ముదిరే వేళ. అదే నక్షత్రాన్ని చూచి మావాడు విత్తనాల సంగతి ఆలోచిస్తే, ఆయన ఉపవాసాల సంగతి ఆలోచించాడు.

ఇంకొక తమాషా. అంతకుముందు జున్నరులో ఉండగా, ఈస్టరు తర్వాత ఏడువారాలకు వచ్చే పండుగతో ఇక్కడ చలికాలం మొదలైనదని వ్రాశాడు! నాలుగు నెలలు రాత్రింబగళ్ళు ఎక్కడ చూచినా నీళ్ళూ బురదేనట. జనం ఆ రోజుల్లోనే దున్ని విత్తుతారట. వానాకాలానికి ఆయన దగ్గర వేరే పేరు లేదు. ఎండకు ఒళ్ళు సర్దుకొన్నది గాని మాట సర్దుకోలేదు.

నికితిన్ తన వ్రాతలో మెలిక్‌తుచార్ అని పేర్కొన్నది మంత్రి మహమూద్ గవాన్‌ను. ఆయనా పరదేశియే, 1453లో బీదరు చేరాడు. ఇరాన్ నుండి వచ్చినవారందరినీ ఒకే గాటన కట్టి, ఎడారివాసులకు దక్కను ఎండ ఒక లెక్కా అనేవారున్నారు. నేను ఒప్పుకోను. గవాన్ పుట్టిన గిలాన్ కాస్పియన్ తీరం. వానలు, అడవులు, వరిచేలు ఉన్న సీమ. ఒకవిధంగా ఆయన మా కోస్తా ఉద్యోగులకు బంధువు. ఆయన 1472లో కట్టించిన మదరసా గోడల మీద నీలి, ఆకుపచ్చ పలకల మెరుపు ఇప్పటికీ కొంత మిగిలి ఉన్నది. ఈ ఎర్రనేల మీద అంత నీలిమ ఎందుకు కోరుకొన్నాడో ఊహించుకోవచ్చు.

నిజంగా పొడినేలల నుండి వచ్చినవారు కెర్మాన్ వైపువారు. అహ్మద్ షా ఆహ్వానంపై అక్కడి సూఫీ గురువు షా నిమతుల్లా వంశీకులు బీదరు వచ్చి స్థిరపడ్డారు. అటువంటి దేశాల విద్యయే కరేజు: భూమి అడుగున వాలుగా త్రవ్విన సొరంగ కాలువ, పైన వరుసగా గాలిబావులు. నీరు ఎండకు కనబడకుండా ఊరు చేరుతుంది, ఆవిరైపోదు. బీదరులోని జల్లిరాయి వాననీటిని ఇట్టే పీల్చుకొంటుంది. క్రింద ఉన్న నల్లరాయి దానిని దిగనీయదు. ఆ రెంటి నడుమ ఊరే నీటిని పట్టారు. ఇరాన్‌లో కొండమంచు కరిగిన నీటికి అలవాటైన పద్ధతిని ఇక్కడ వాననీటికి మలచుకొన్నారు.

నౌబాదు వద్ద పూడిపోయి ఉన్న కరేజును 2010ల నడుమ పూడిక తీశారు. మే నెల మధ్యాహ్నం అక్కడి గాలిబావి అంచున వంగి చూచాను. తల మీద ఎండ మాడ్చేస్తున్నది. లోపలి నుండి తడిమట్టి వాసనతో చల్లని గాలి ముఖాన తగిలినది.