మడ్‌గార్డు చివర తెల్ల పట్టీ

మా బాపు సైకిల్ ఇంకా ఉంది. గోదావరిఖనిలో ఇంటి వెనక, నీళ్ల డ్రమ్ముకీ గోడకీ మధ్య ఒరిగి ఉంటుంది. టైర్లలో గాలి లేదు. సీటు చిరిగి స్ప్రింగులు పైకి తేలాయి. నల్ల రంగు సగం తుప్పు తినేసింది. కానీ వెనక మడ్‌గార్డు చివర జానెడు మేర ఒక తెల్ల పట్టీ ఇప్పటికీ తెల్లగానే ఉంది. దాని మీద ఒక చిన్న ఎర్ర రిఫ్లెక్టర్.

చిన్నప్పుడు అది అలంకారం అనుకునేవాణ్ణి. మా వాడలో ఏ సైకిల్ చూసినా అంతే. హీరో అయినా అట్లాస్ అయినా ఒళ్ళంతా నలుపు, తోక మాత్రం తెలుపు. ఎందుకలా అని ఎవరం అడగలేదు. ఆకాశం నీలంగా ఎందుకుందని అడగం చూడండి, అలాగ.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళడం మొదలుపెట్టాను. ముందొక లైటు, వెనక మిణుకు మిణుకుమనే ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే పసుపుపచ్చ జాకెట్. అన్నీ కలిపి బాపు సైకిల్ కంటే ఎక్కువ ఖరీదయ్యాయి. ఆ వేషంలో అద్దం ముందు నిలబడ్డప్పుడు ఆ తెల్ల పట్టీ గుర్తొచ్చింది. బాపు దగ్గర కనబడటానికి ఉన్నది అదొక్కటే. అదెక్కడ నుంచి వచ్చిందా అని వెతికితే కథ చాలా దూరం పోయింది.

*

సైకిలుకి దీపం ఉండాలన్న చట్టం సైకిలంత పాతది. ఇప్పుడు మనం తొక్కే ఆకారం, అంటే రెండు చక్రాలూ సమానంగా ఉండి, చైన్ వెనక చక్రాన్ని తిప్పే సైకిల్, 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్‌తో స్థిరపడింది. మూడేళ్ళకే, 1888లో, బ్రిటిష్ పార్లమెంటు సైకిల్ని కూడా బండిగానే లెక్కగట్టి, పొద్దుగూకిన గంట తర్వాత నుంచి పొద్దు పొడవడానికి గంట ముందు దాకా దీపం ఉండి తీరాలంది. ఆ దీపం ముందు భాగానికి. మొదట్లో నూనె దీపాలు, తర్వాత కార్బైడ్ దీపాలు, ఆ తర్వాత బ్యాటరీలు, డైనమోలు.

అసలు గొడవ వెనక దీపంతో వచ్చింది. 1920ల్లో కార్లు పెరిగాయి. సైకిలు వాళ్ళు వెనక ఎర్ర దీపం పెట్టుకోవాలని కార్లవాళ్ళు పట్టుబట్టారు. సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ వాళ్ళు ససేమిరా అన్నారు. ఇప్పుడు వింటే మొండితనం అనిపిస్తుంది గానీ వాళ్ళ వాదనలో పస ఉంది. వెనక నుంచి వచ్చేవాడే ముందున్నవాణ్ణి చూసుకోవాలి. తన దీపం వెలుగు ఎంత దూరం పడుతుందో ఆ దూరంలో బండి ఆపగలిగిన వేగంతోనే నడపాలి. నువ్వు దీపం పెట్టుకో అని ముందున్నవాడికి చెప్పడమంటే గుద్దేవాడి బాధ్యత తీసి గుద్దించుకునేవాడి నెత్తిన పెట్టడమే. పైగా డ్రైవర్లు దీపాల కోసమే చూడటం అలవాటు చేసుకుంటే, దీపం లేని పాదచారి గతేమిటి?

చివరికి రాజీ కుదిరింది. 1927 చట్టం వెనక దీపమో రిఫ్లెక్టరో ఏదో ఒకటి చాలంది. 1934 చట్టం వెనక మడ్‌గార్డు మీద 12 చదరపు అంగుళాలకి తగ్గకుండా తెల్ల రంగు ఉండాలంది. అదీ మన తెల్ల పట్టీ పుట్టుక! ఒక తగువు ఎటూ తేలక, మధ్యేమార్గంగా పూసిన సున్నం.

రాజీ ఎక్కువ కాలం నిలవలేదు. 1939లో యుద్ధం వచ్చి వీధి దీపాలన్నీ ఆర్పేశారు. కాలిబాట అంచులకీ చెట్ల మొదళ్ళకీ తెల్ల రంగు పూశారు. అయినా 1941లో బ్రిటన్ రోడ్ల మీద 9,169 మంది చనిపోయారు. ఆ దేశ చరిత్రలో అంతమంది రోడ్డు మీద పోయిన ఏడాది మరొకటి లేదు. ఆ చీకట్లోనే సైకిలుకి వెనక ఎర్ర దీపం తప్పనిసరైంది. యుద్ధం ముగిశాక కూడా ఆ నిబంధన పోలేదు.

మన దగ్గరికి సైకిలు మాత్రం పాత రూపంతోనే వచ్చింది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో బ్రిటిష్ కంపెనీ భాగస్వామ్యంతో టీఐ సైకిల్స్ మొదలైంది. అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. అందరూ చేసింది ఆ ఇంగ్లీషు సైకిల్నే. దాంతోపాటే తోక మీది తెలుపూ వచ్చింది. ఆ తెలుపు వెనక ఉన్న తగువు మాత్రం రాలేదు.

*

మా వైపు సైకిల్ అంటే షిఫ్టు. ఉదయం ఏడింటికి ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి సెకండ్ షిఫ్టు, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు. ఇప్పుడంటే పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలయ్యాయి గానీ, 2016 దాకా గోదావరికి ఇవతల మాది కరీంనగర్ జిల్లా, అవతల శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఆదిలాబాద్ జిల్లా. జిల్లాలు వేరైనా సైరన్ ఒక్కటే. ఎనిమిదో నంబర్ ఇంక్లైన్ పక్కన పుట్టిన ఊరి పేరు జనం నోట్లో నలిగి యైటింక్లైన్ కాలనీ అయిపోయిన నేల అది.

రాత్రి పదకొండు దాటాక సెకండ్ షిఫ్టు వాళ్ళు గుంపులుగా వచ్చేవాళ్ళు. నల్ల సైకిల్, నల్ల రోడ్డు, బొగ్గు పట్టిన బట్టలు. క్యారియర్ మీద టిఫిన్ డబ్బా. మా అవ్వ అరుగు మీద కూర్చుని చూసేది. మనుషులు కనబడేవాళ్ళు కాదు. చైన్ చప్పుడు, దగ్గు, మాటలు వినబడేవి. బాపుని ఆమె గుర్తుపట్టింది ఎప్పుడూ చెవితోనే.

ఇందులో నాకు అంతుబట్టని సంగతి ఒకటుంది. ఆ మనుషులు అప్పటిదాకా ఉన్నది లైట్ల మధ్యే. ల్యాంప్ రూమ్‌లో ఎవరి నంబర్ ల్యాంపు వాళ్ళు తీసుకుని, నడుముకి బ్యాటరీ కట్టుకుని, వైరు వీపు మీదుగా తెచ్చి టోపీకి లైటు తగిలించుకుంటేనే గనిలోకి దిగాలి. షిఫ్టు అయిపోయాక ల్యాంపు తిరిగి అప్పగించాలి. సరిగ్గా అక్కడి నుంచి వాళ్ళు చీకట్లో పడతారు.

బాపు అనేవాడు: "కింద ఒకని మొకం ఒకనికి మంచిగ కనబడేది. మాట్లాడేటప్పుడు లైటు ఎదుటోని కండ్లల్ల కొట్టకుంట తల పక్కకు తిప్పుకునేటోళ్ళం. అది గని మర్యాద. పైకొచ్చినంక లారీలోల్లకు ఆ మర్యాద లేకపాయె."

విచిత్రమేమిటంటే గని దీపం, సైకిల్ దీపం అన్నదమ్ములు. 1900లో అమెరికాలో ఫ్రెడరిక్ బాల్డ్విన్ పేటెంటు తీసుకున్న కార్బైడ్ దీపం సైకిల్ కోసమే. ఆ రకం దీపమే తర్వాత గని కార్మికుడి టోపీ మీదికి ఎక్కింది. బొగ్గు గనుల్లో మంట ప్రమాదం కాబట్టి అక్కడ బ్యాటరీ దీపం వచ్చింది. అన్న గనిలో చట్టం కాపలాతో బాగుపడ్డాడు. తమ్ముడు రోడ్డు మీద అనాథ అయ్యాడు.

*

నేను నాలుగో తరగతిలో ఉండగా, వానాకాలంలో ఒక రాత్రి బాపుని లారీ గుద్దింది. వెనక నుంచి. కాలు విరిగింది. ప్రాణం దక్కింది. ఎవరి లారీ అన్నది ఇక్కడ అవసరం లేదు. డ్రైవర్ పారిపోలేదు. తనే మోసుకుని దవాఖానకి తెచ్చాడట. "కనబడలే సారూ" అన్న ఒక్క మాటే వందసార్లు అన్నాడట.

ఆ తర్వాత నెల రోజులు చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ బాపుని అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా గుర్తుంది. "లైటుండెనా?"

"డైనమో ఉండె. వానకు టైరు మీద జారుతుండె. వెలగలె" అని బాపు తప్పు చేసినవాడిలా చెప్పేవాడు. సీసా ఆకారంలో ఉండే ఆ డైనమో తల టైరుకి రాసుకుంటేనే తిరుగుతుంది. తడిస్తే జారుతుంది. ఆగితే ఆరిపోతుంది. వేసుకుంటే పెడల్ బరువెక్కుతుంది. ఎనిమిది గంటలు బొగ్గు నింపి వచ్చిన కాళ్ళకి అది ఎంత బరువో నాకిప్పుడు తెలుసు. ఎక్కువ అవసరమైన వేళే పని చెయ్యని వస్తువు అది.

లారీ ఎంత స్పీడుగా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు లెక్క వేస్తుంటాను. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని మెదడుకి అంది, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను. అంటే 25 మీటర్లు అప్పుడే అయిపోయాయి. బ్రేకు పట్టి బండి నిలవడానికి ఇంకో పాతిక మీటర్లన్నా కావాలి, అదీ రోడ్డు పొడిగా ఉంటే. డిమ్ లైటు వెలుగులో నల్ల బట్టల మనిషి అంత దూరం నుంచి కనబడటం కష్టం. కాబట్టి డ్రైవర్ అబద్ధమాడలేదు. కనబడనంత వేగంతో నడిపాడు, అంతే. "కనబడలే" అన్నది సాకు కాదు, ఒప్పుకోలు. మేమే దాన్ని సాకుగా విన్నాం.

అయితే కనబడటం ఎప్పుడూ మంచిదేనా? మా వైపు ఆ ప్రశ్నకి ఇంకో జవాబు కూడా ఉండేది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలని ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో రాత్రి పూట రోడ్డు మీద ఒంటరి సైకిల్ లైటు కనబడితే, ఎవరా వచ్చేదన్న అనుమానమే ముందు పుట్టేది. చీకటి పడ్డాక లైటు వేసుకుని పోవాలా, ఆర్పుకుని పోవాలా అన్నది బాపు తరానికి ట్రాఫిక్ ప్రశ్న మాత్రమే కాదు.

*

రోడ్డు మీద పడ్డవాడు ఎవరి లెక్కలోకి వస్తాడన్నది ఇంకో తగువు. ఫ్రాన్సిస్ డి'కోస్టా అని కేరళలోని కొరట్టిలో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. 1971 జూన్ 26న నాలుగున్నర షిఫ్టుకి సైకిల్ మీద వెళ్తుంటే, నాలుగుంపావుకి, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ గుద్దింది. ఆ లారీ ఆయన పనిచేసే కంపెనీదే! ఇది పనిలో తగిలిన దెబ్బేనా కాదా అన్నది తేలడానికి 25 ఏళ్ళు పట్టింది. 1996లో సుప్రీంకోర్టు కాదంది. గేటు దాటితేనే పని, గేటు బయట అది సొంత ప్రయాణం.

2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించి, పనికి వెళ్ళే, తిరిగొచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్నీ, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే చూడాలన్నారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు అదే అర్థాన్ని ఉద్యోగుల పరిహార చట్టానికీ వర్తింపజేసింది. ఆ కేసు తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి బయల్దేరి, 2003లో దారిలోనే చనిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ది. రోడ్డు మీది సైకిలువాడు డ్రైవరుకే కాదు, చట్టానికి కనబడటానికి కూడా ఇంత కాలం పట్టింది.

*

ఇప్పుడు గోదావరిఖనిలో పర్మనెంట్ కార్మికులు ఎక్కువమంది బైకుల మీదే పోతున్నారు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి పట్టపగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. సైకిలు మీద మిగిలింది కాంట్రాక్టు కూలీలు, వాచ్‌మన్లు, పాలవాళ్ళు, బడిపిల్లలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో సైకిలువాళ్ళు 4,800 మందికి పైగా ఉన్నారు.

2020లో కేంద్రం సైకిల్ రిఫ్లెక్టర్లకి నాణ్యతా ప్రమాణం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. చిన్న విషయమేం కాదు. మంచి రిఫ్లెక్టర్ తన మీద పడ్డ వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది, నేరుగా డ్రైవర్ కళ్ళలోకి. పెడల్ మీద ఉంటే ఇంకా మేలు. 1973లో స్వీడన్ మనస్తత్వవేత్త గునార్ జొహాన్సన్, చీకట్లో మనిషి కీళ్ళ దగ్గర చిన్న చిన్న దీపాలు పెట్టి నడిపిస్తే, చూసేవాళ్ళు ఆ చుక్కల కదలికని బట్టే మనిషని ఇట్టే పోల్చుకుంటారని చూపించాడు. కదలని ఎర్ర చుక్క ఏదైనా కావచ్చు. పైకీ కిందికీ ఆడే రెండు చుక్కలు మాత్రం కాళ్ళే. అక్కడున్నది వస్తువు కాదు, మనిషి అని చెప్తాయవి. రాత్రి సైకిల్ తొక్కే మిత్రులారా, జాకెట్ కొనలేకపోయినా చీలమండకి ఒక మెరిసే పట్టీ కట్టుకోండి.

ఈ మాట రాస్తూనే నాకు ఇబ్బందిగా ఉంది. నేనూ మళ్ళీ "లైటుండెనా?" అనే అడుగుతున్నాను కదా! 2023 అక్టోబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ కప్పు, పొడవునా లైట్లు. నేనూ ఆదివారాలు వెళ్తాను, బాగుంటుంది. కానీ అక్కడ షిఫ్టుకి పోయే సైకిల్ నాకింతవరకూ ఎదురు కాలేదు. రాజీవ్ రహదారి అంచున, లారీల పక్కన, రాత్రి పదకొండున్నరకి తొక్కేవాడికి ఇప్పటికీ ఉన్నది తన జాగ్రత్త ఒక్కటే.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు నా వెనక లైటు బాపుకి చూపించాను. మూడు రకాలుగా మిణుకుతుందని నొక్కి నొక్కి చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. కాసేపాగి, "లారీలు స్లో అయినయా మరి?" అని అడిగాడు.

లేదన్నాను. సాయంత్రం తడిగుడ్డ తీసుకుని పాత సైకిల్ దగ్గరికి వెళ్ళాడు. ఇక తొక్కడు, తెలుసు. మిగతా సైకిల్ని ముట్టుకోలేదు. ఆ తెల్ల పట్టీ ఒక్కదాన్నీ తుడిచి వచ్చాడు.