ఊరు విడిచిన జట్టు

ఒక ఫుట్‌బాల్ జట్టు ఎవరి సొత్తు? జీతములిచ్చి పోషించే యజమానిదా, పేరునిచ్చి ఆదరించిన ఊరిదా? 2025 అక్టోబరులో హైదరాబాదు పేరు ధరించిన జట్టు ఢిల్లీకి తరలిపోయి, అక్కడ వేరొక పేరు పెట్టుకొన్ననాడు ఈ ప్రశ్న మన ముంగిటికి వచ్చినది. అంతకు రెండు దశాబ్దములకు పూర్వమే లండను నగరపు నైరుతి దిశనున్న వింబుల్డన్ వాసులు ఇదే ప్రశ్న నెదుర్కొన్నారు. వారు దానికి చెప్పిన సమాధానము మనము తెలిసికొనదగినది.

వింబుల్డన్ అనగానే మనకు టెన్నిసు స్ఫురిస్తుంది. కాని అక్కడ ఒక పాఠశాల పూర్వవిద్యార్థులు 1889లో స్థాపించుకొన్న ఫుట్‌బాల్ క్లబ్బు కూడ ఉన్నది. 1912 నుండి ప్లౌ లేన్ అనే వీధిలోని చిన్న మైదానము దానికి ఇల్లయినది. చాలకాలము అది పెద్ద క్లబ్బుల పంక్తికి వెలుపలనే ఉండి, 1977లో ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించినది. ఆ పిమ్మట తొమ్మిదేండ్లలోనే అత్యున్నత శ్రేణికి ఎదిగినది. 1988 మే 14న వెంబ్లీ మైదానములో, ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో, ఆ యేటి లీగు విజేతయైన లివర్‌పూలును ఒకే ఒక గోలుతో ఓడించినది. ఆ గోలు శాంచెజ్ తలతో కొట్టినది. ప్రత్యర్థులకు లభించిన పెనాల్టీని గోల్‌కీపరు బీసెంట్ అడ్డుకొన్నాడు. వెంబ్లీలో జరిగిన కప్పు తుదిపోటీలలో పెనాల్టీని గోల్‌కీపరు ఆపివేయడము అదే ప్రథమము.

అయితే కష్టములు కూడ ఆ వెంటనే ఆరంభమైనవి. 1989లో హిల్స్‌బరో మైదానములో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణములను బలిగొన్నది. విచారణ జరిపిన టేలర్ న్యాయమూర్తి, పెద్ద మైదానములలో ప్రేక్షకులందరికి కూర్చుండే వసతి ఉండవలెనని 1990లో నిర్దేశించినారు. ఆ సంస్కరణ న్యాయమైనదే. కాని పాతబడిన ప్లౌ లేన్ దాని కనుగుణముగా లేదు. యజమానులు దానిని బాగుచేయించుటకు మారుగా, 1991లో జట్టును మరొక క్లబ్బు మైదానమైన సెల్‌హర్స్ట్ పార్కులో అద్దెకు దింపినారు. తాత్కాలికమనుకొన్న ఆ అద్దె కాపురము పన్నెండేండ్లు సాగినది. ఈలోగా 1998లో సొంత స్థలము ఒక సరకుల దుకాణముల సంస్థకు అమ్ముడుపోయినది. ఇల్లు లేని జట్టుకు రాబడి లేదు. రాబడి లేని జట్టుకు బలము లేదు. 2000 మే 14న, కప్పు గెలిచిన దినమునకు సరిగా పన్నెండేండ్లకు, వింబుల్డన్ అత్యున్నత శ్రేణినుండి జారిపోయినది.

2001 ఆగస్టులో యజమానులు జట్టును మిల్టన్ కీన్స్‌కు తరలింపదలచినట్లు ప్రకటించినారు. అది దాదాపు 90 కిలోమీటర్ల దూరమున, 1967లో ప్రణాళిక ప్రకారము నిర్మాణమునకు పూనుకొన్న కొత్త పట్టణము. లీగు అధికారులు మొదట నిరాకరించినారు. తుదకు ముగ్గురు సభ్యుల సంఘమొకటి 2002 మే 28న ఇద్దరు ఔనని, ఒకరు కాదని తీర్పుచెప్పి అనుమతినిచ్చినది. అభిమానులు వేరొక క్లబ్బు పెట్టుకొనుట ఫుట్‌బాల్ విశాల ప్రయోజనమునకు అనుకూలము కాదని కూడ ఆ సంఘము అభిప్రాయపడినది.

అభిమానులు ఆ మాట చెవిని పెట్టలేదు. జూను మాసాంతమున వింబుల్డన్ పచ్చికబయలులో ఆటగాండ్రను పరీక్షించి ఎంచుకొన్నారు. ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అని పేరు పెట్టి, జూలై 10న తొలి ఆట ఆడి, నాలుగు గోలుల తేడాతో ఓడినారు! ఆ ఓటమిని చూచుటకు నాలుగు వేలమందికి పైగా వచ్చినారు. ఎక్కడో దిగువ లీగులో ఆడుతున్న ఈ కొత్త జట్టుకు, ఆ యేడు పాత జట్టుకంటె సగటున ఎక్కువమంది ప్రేక్షకులు లభించినారు. పాత జట్టు 2003లో మిల్టన్ కీన్స్ చేరి, మరుసటి యేడు పేరు మార్చుకొన్నది. కొత్తది తొమ్మిదేండ్లలో అయిదు మెట్లెక్కి, 2011లో ఫుట్‌బాల్ లీగులో అడుగిడినది. 2007లో పాత విజయచిహ్నములు వింబుల్డన్ ప్రాంతమునకే తిరిగి చేరినవి. ఇందులో మిల్టన్ కీన్స్ బాలుర తప్పేమియు లేదు. తమ ఊరికి వచ్చిన జట్టును వారు ప్రేమించినారు, అంతే.

2020 నవంబరు 3న వింబుల్డన్ జట్టు ప్లౌ లేన్‌కు తిరిగివచ్చినది. పాత స్థలమునకు కొలది గజముల దూరమున కట్టిన కొత్త మైదానమునకు అభిమానులే ఋణపత్రములు కొని యాబది లక్షల పౌండ్లకు పైగా సమకూర్చినారు. కోవిడ్ నిబంధనలవలన ఆనాడు ఆసనములన్నియు ఖాళీగా ఉన్నవి. అయినను అవి ఎవరివో అందరికి తెలియును.

ఇక మన సంగతి. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఈ ఊరి కొలువులోనిది. దానిని తీర్చిదిద్దిన రహీం గారు 1962లో భారతదేశమునకు ఆసియా క్రీడల స్వర్ణపతకము సాధించిపెట్టినారు. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగు తుదిపోటీ గెలిచిన హైదరాబాదు జట్టు మరొక విధమైనది. పుణె జట్టు ఆర్థికముగా కుంగి మూతపడగా, 2019లో ఆ స్థానము మనకు దక్కినది. ఆనాడు మనము సంతోషించినాము. పుణె అభిమానుల గోడు అడుగలేదు. ఆరేండ్లకు మన వంతు వచ్చినది. 2024నాటికే జీతములు అందక ఆటగాండ్రు తొలగి, జట్టు పట్టికలో అట్టడుగున నిలిచినది.

ఆటగాండ్రను, ఆడే హక్కును ఒక ఊరినుండి మరొక ఊరికి పంపవచ్చును. వర్షములో సైతము ఆటకు వచ్చే వాడుకను పంపలేరు. కాని ఆ వాడుక ఒక్కటే జట్టును నిలుపదని వింబుల్డన్ చరిత్ర చెప్పుచున్నది. అచటి అభిమానులు రెండవసారి క్లబ్బును తమ చేతులలోనే ఉంచుకొన్నారు. మొదటిసారి ఆ పని చేయనందుకు వారికి పట్టిన కాలము ఇరువది తొమ్మిదేండ్లు. గచ్చిబౌలి మైదానము మనకు మిగిలియున్నది. అక్కడ రేపు నిలువబోయే జట్టులో ఈ ఊరికి ఏ భాగముండవలెనో శ్రోతలే ఆలోచింతురు గాక!