తల్లి కొనిచ్చిన నల్ల బొమ్మ



తిమోతికి రాసిన రెండవ పత్రికలో పౌలు అతని విశ్వాసాన్ని తలచుకుంటూ, అది మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉండేదని గుర్తు చేస్తాడు. దేవుడు వాడుకున్న వారి చరిత్ర చదివేటప్పుడు మనమూ వారిని కన్నవారి దగ్గర నుంచే మొదలుపెట్టడం మంచిది. అమెరికాలో నల్లజాతివారి ఓటు హక్కు కోసం పోరాడిన ఫ్యానీ లూ హేమర్ జీవితాన్ని ఈ వారం అలాగే ధ్యానిద్దాం.

ఆమె 1917 అక్టోబరు 6న మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. జిమ్, లూ ఎల్లా టౌన్‌సెండ్ దంపతుల 20 మంది పిల్లల్లో ఆమే ఆఖరిది. తండ్రి పొలం పని చేస్తూనే బాప్తిస్టు సంఘంలో వాక్యం చెప్పేవాడు.

వారికి సొంత భూమి లేదు. తెల్లదొర పొలాన్ని పాలుకు చేసేవారు. పంటలో సగం దొరది. విత్తనాలకు, తిండికి చేసిన అప్పు మిగిలిన సగంలో నుంచి పోయేది. ఫ్యానీ లూకు ఆరేళ్ళప్పుడు దొర వచ్చి, పత్తి తీస్తే తన కొట్లో తినుబండారాలు ఇస్తానని ఆశ చూపాడు. మొదటి వారం 30 పౌన్లు తీసింది. తర్వాతి వారం 60 తీయమన్నారు. 13 ఏళ్ళు వచ్చేసరికి రోజుకు 200 పౌన్లకు పైగా, అంటే 90 కిలోలకు పైగా తీసేది. అప్పటికే పోలియో వల్ల ఆమె కుంటుతూ నడిచేది. ఆ బరువేమిటో మన సంఘంలో పత్తికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు మేము చెప్పనవసరం లేదు.

బడి పొలం పని లేని నాలుగు నెలలే జరిగేది. ఆరో తరగతితో ఆమె చదువు ఆగింది. ఆ తర్వాత సంఘంలో బైబిలు చదువుతూ చదవడం మరచిపోకుండా నిలుపుకుంది.

ఒకసారి తండ్రి పైసా పైసా కూడబెట్టి కంచర గాడిదలను కొన్నాడు. ఎవరో వాటి దాణాలో విషం కలిపి చంపేశారు. ఆ కుటుంబం మళ్ళీ కోలుకోలేదు. తెల్లవారికి తిండి, బట్ట ఉన్నాయి, మనమెందుకు తెల్లగా పుట్టలేదని ఆ పిల్ల తల్లిని అడిగింది. లూ ఎల్లా ఆ మాట ఒప్పుకోలేదు. నల్లగా పుట్టినందుకు సిగ్గుపడవద్దని, పెద్దయ్యాక కూడా తనను తాను గౌరవించుకోవాలని చెప్పింది. అతుకుల బట్టలు కట్టుకునే ఆ తల్లి కూతురికి ఒక నల్ల బొమ్మ కొనిచ్చింది.

ఆ పెంపకం తర్వాత ఎలా పనిచేసిందో చూడండి. 1944లో, చదవడం వచ్చు కాబట్టి, పొలంలో కూలీల లెక్కలు రాసే పని ఆమెకు ఇచ్చారు. కూలీలు తీసిన పత్తిని దొంగత్రాసుతో తూచేవారు. దొర లేనప్పుడు ఆమె సరైన తూకపు గుండు పెట్టి తూచేది. సామెతల గ్రంథం దొంగత్రాసును గురించి ఏమంటుందో మీకు తెలుసు.

1962 ఆగస్టులో రూల్‌విల్ ఊరి చర్చిలో జరిగిన కూటంలో, నల్లవారికీ ఓటు హక్కు ఉందని ఆమె మొదటిసారి విన్నది. అప్పటికి ఆమెకు 44 ఏళ్ళు. ఆగస్టు 31న మరో 17 మందితో బస్సెక్కి ఇండియనోలా పట్టణానికి ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళింది. అక్కడ పెట్టిన పరీక్షలో తప్పిందన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు రంగు బాగాలేదని పోలీసులు ఆపితే, భయపడుతున్న వారి మధ్య ఆమె ఆత్మీయ గీతాలు పాడింది. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా పొలం విడిచి పొమ్మన్నాడు దొర. నమోదుకు వెళ్ళింది మీ కోసం కాదు, నా కోసమని ఆమె జవాబిచ్చింది. 18 ఏళ్ళు పనిచేసిన చోటు విడిచి ఆ రాత్రే బయటికి నడిచింది. 1963 జనవరిలో పరీక్ష నెగ్గి ఓటరైంది.

ఆ జవాబు ఆమెకు ఆ రోజే పుట్టింది కాదు. ఆ తల్లి చిన్ననాడు నాటిన మాటే అది. కూతురు బస్సెక్కడం లూ ఎల్లా చూడలేదు. పొలంలో దెబ్బ తగిలి చూపు పోగొట్టుకుని, 1961లోనే కన్నుమూసింది.

తల్లిదండ్రులారా, మన ఆడపిల్ల నల్లగా ఉందని, మనం ఫలానావారమని, మనకు ఇంతేనని పిల్లల ముందు మనమే అంటున్నామా? బయటివారు అన్న మాటకంటే ఇంట్లో విన్న మాట లోతుగా దిగుతుంది. దేవుడు తన స్వరూపమందు చేసిన బిడ్డను మనం తక్కువ చేయకూడదు. ఈ పత్తి కాలంలో బడి మాన్పించే ముందు కూడా ఒక్కసారి ప్రార్థన చేసి ఆలోచించండి.

ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.