నీలోత్పలము – కవిసమయము

కలువలు చంద్రునిఁ జూచి వికసించుననియు, సూర్యునిఁ జూచి ముకుళించుననియుఁ బాఠశాలలందుఁ జెప్పుట వాడుక. తెల్లకలువ, చెంగలువల విషయమున నిది చాలవఱకు సత్యము. అవి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట విచ్చి, మఱునాఁటి పూర్వాహ్ణమున ముడుచుకొనును. నల్లకలువ యట్లు గాదు. అది యుదయమున విచ్చి, సాయంకాలమునకు ముడుచుకొనును. గోదావరీ మండలమునఁ గలువలున్న చెఱువుగట్టుపై నొకదినము నిలిచినవారి కీ భేదము తేటపడును.

అట్లైనఁ బూర్వకవు లెఱుఁగక వ్రాసిరా? కాదు. క్రీ. శ. 10వ శతాబ్ది ప్రారంభమున నున్న రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందుఁ గవిసమయములను విభజించుచు, లేనిదానిని వర్ణించుట, ఉన్నదానిని వర్ణింపకుండుట, నియమించుట యని మూఁడు తెఱఁగులు చెప్పెను. పగలు నీలోత్పలములు వికసింపవనుట రెండవదానిలోఁ జేరినది. అనఁగాఁ బగటి వికాసము కలదనియు, కవులు తెలిసియే దానిని విడిచిరనియు నాతని మతము. ఈ గ్రంథము 1916లో బరోడాలో ముద్రితమైనది. చకోరముల చంద్రికాపానమును దీనిని నొక్కగాటఁ గట్టుట పొరపాటు. అది లేనిదానిఁ జెప్పుట. ఇది యున్నదానిఁ జెప్పకుండుట.

అమరకోశము నల్లనిదానికి నిందీవరమనియు, తెల్లనిదానికిఁ గుముదము, కైరవము ననియు వేఱు పేళ్లు చెప్పినది. తెనుఁగునఁ గలువ యను నొక్కమాట యన్నిటికిఁ జెల్లుటచే, ఒకదాని స్వభావమును వేఱొకదాని కంటగట్టుట సులభము. వృక్షశాస్త్రజ్ఞు లీ జాతులను విడివిడిగాఁ బరిశీలించిరి. విలియం రాక్స్‌బరో 1793లో కలకత్తా తోటకుఁ బోవుటకు ముందు సామర్లకోటలో నుండి యీ సీమ మొక్కలను బరిశోధించెను. చెంగలువకు నాతఁడు పెట్టిన నింఫియా రూబ్రా యను పేరు 1808లో ఆండ్రూసు గ్రంథమునఁ బటముతోఁ బ్రకటితమైనది.

నేఁడు డెల్టాలోఁ బెక్కు చెఱువులు చేఁపల చెఱువు లయ్యెను. కాలువలను గుఱ్ఱపుడెక్క క్రమ్మినది. కలువకుఁ జోటు తగ్గినకొలఁది నీ కవిసమయమును బరీక్షించు సాధనమును దగ్గుచున్నది. కావునఁ బాఠశాల పెరటి తొట్టి యొక్కటియైన నుండుట మేలు. అడుగున జేనెఁడు చెఱువుమన్ను పఱచి, తెల్లకలువ దుంపను నల్లకలువ దుంపను వేఱువేఱు కుండలలో నాటి, పైని మూరెఁడు నీరుంపవలెను. నీరు కదలరాదు, పూఁటయంతయు నెండ తగులవలెను. పండుటాకులను దీసివేయుచు, రెండుమూఁడేండ్ల కొకమాఱు దుంపలను విడఁదీసి నాటవలెను. దోమపిల్లలను దినుటకుఁ జిఱుచేఁపలను విడువవలెను. వేసవిలో నీరింకినను దుంప బురదలో నడఁగియుండి తొలకరికిఁ జిగిర్చును.

ఉదయమునఁ బాఠము మొదలగువేళ నొక కుండలోఁ బువ్వు ముడుచుకొనుచుండఁగా, రెండవదానిలో విచ్చుచుండును. రాజశేఖరుని విభాగమునకు బాలురు కన్నులారఁ జూడఁదగిన వ్యాఖ్యాన మదియే.